తీగకి గుచ్చిన 41 ఉత్తరాలు: నాన్న ట్రైనింగ్ రోజులు చదవడానికి నాకు పట్టిన పది నెలలు

సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం, 2025 జనవరి 19న, విశాఖ దగ్గర సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పించాం. అటక మీద సామాను దించుతుంటే మా అత్త ఒక పాత చీరముక్క మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే లోపల ఇనుప తీగ. అడుగున రేకు బిళ్ల, పైన కొక్కెం, మధ్యలో కుచ్చులా ఉత్తరాలు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో దూలానికి వేలాడేదే అది. వచ్చిన ఉత్తరం చదవడం, తీగకి గుచ్చేయడం. "మీ నాన్న మిలిట్రీలో చేరినప్పటివి. మీ నానమ్మ ఒక్కటి కూడా పారేయనివ్వలేదు" అంది అత్త.

నాన్న 1971 జూన్‌లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరారు. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్లు. నీలగిరుల్లో కూనూరు పక్కన వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. అది ఇంకా నడుస్తుండగా డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది, 16న అయిపోయింది. ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేయించే కసమ్ పరేడ్ ఆయనకి 1972 మార్చిలో. అంటే యుద్ధం మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ ఆయన ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న రంగ్రూటే. ఇంతవరకే మాకు తెలుసు. ఇంట్లో ఎవరైనా అడిగితే "నేను యుద్ధం చూడలేదమ్మా" అని ఊరుకునేవారు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని పెద్ద తప్పు. ఆత్రంగా ఉత్తరాలన్నీ తీగలోంచి లాగేసి మంచం మీద పరిచేశాను. లెక్కపెడితే 41. ఎవరింట్లోనైనా ఇలాంటి తీగ ఉంటే దయచేసి ముందు అలాగే ఫోటోలు తీయండి. తర్వాత ఒక్కొక్కటే దించుతూ వెనక మూలన పెన్సిల్‌తో నంబరు వేయండి. తీగ మీద ఉన్న వరుసే తేదీల వరుస, అడుగున ఉన్నది మొదటి ఉత్తరం. ఆ వరుసని నేను రెండు నిమిషాల్లో పోగొట్టాను. మళ్లీ సంపాదించడానికి రెండు నెలలు పట్టింది.

రెండో తప్పు వారం లోపే. జనవరి 25న మూడు ఉత్తరాలు తీసుకెళ్లి ఒక జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను, ఒక్కోదానికి 40 రూపాయలు. యాభై నాలుగేళ్ల కాగితం ఆ వేడికి మడతల దగ్గర గోధుమరంగు తిరిగింది. ఒకదానిలో అడుగున పెన్సిల్‌తో రాసిన రెండు లైన్లు ప్లాస్టిక్ మెరుపు కింద కనపడకుండా పోయాయి. వెనక్కి తీసే దారి లేదు, అంటుకుపోయిన ప్లాస్టిక్‌ని లాగితే కాగితం కూడా వచ్చేస్తుంది. ఆ రాత్రి ఏడ్చాను. లామినేషన్ అంటే భద్రం చేయడమే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

ఆ తర్వాత లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన డబ్బు తీసుకోలేదు. చెప్పినవి మాత్రం బంగారం లాంటి మాటలు. సెల్లోటేపు వద్దు, లామినేషన్ వద్దు, పెన్నుతో ఏమీ రాయొద్దు. ఆసిడ్ లేని కాగితం మధ్య ఒక్కో ఉత్తరం పెట్టి, మడత విప్పి, చదునుగా అట్టపెట్టెలో ఉంచాలి. గ్లౌజులు అక్కర్లేదు, చేతులు కడిగి తడి లేకుండా తుడుచుకుంటే చాలు. గ్లౌజులు వేసుకుంటే వేళ్లకి కాగితం తెలియక ఇంకా చిరుగుతుందట. కాగితాలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. 100 షీట్లు 1,150 రూపాయలు, తొమ్మిది రోజులకి వచ్చాయి. పెట్టె 780. మెత్తటి బ్రష్ 60.

సగానికి పైగా ఇన్‌లాండ్ లెటర్లే. చెమ్మకి ఐదు వాటి మడతలు అంటుకుపోయి ఉన్నాయి. ఆవిరి పట్టేద్దామా అనిపించింది గానీ ఆయన ముందే హెచ్చరించారు, నీలం సిరా ఒక్క చుక్క నీటికి పారిపోతుందని. ప్లాస్టిక్ స్కేలు అంచుతో రోజుకి ఒక అంగుళం చొప్పున విడదీసుకుంటూ పోయాను. ఆ ఐదింటికే మూడు వారాలు. ఒక మడతలో చచ్చిన వెండిపురుగు, ఇంకొకదానిలో మెంతిగింజంత కుంకుమ అంటుకుని ఉంది. నానమ్మ దేవుడి దగ్గర పెట్టి తీసి ఉంటుంది అంది అత్త.

ఇక వరుస. 41లో ట్రైనింగ్ నాటివి 29, మిగతావి తర్వాత యూనిట్ నుంచి రాసినవి. విడదీయడానికి అడ్రసే సాయం చేసింది. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి వచ్చింది, కాబట్టి అడ్రసులో పిన్ ఉంటే అది ట్రైనింగ్ నాటిది కాదు. 29లో 18 వాటి మీద నాన్నే తేదీ వేశారు. నాలుగింటి మీద పోస్టు ముద్ర చదవగలిగాం. మిగిలిన ఏడూ తేదీ లేనివి.

వాటిలో మూడింటి మీద మామూలు దానికి తోడు ఒక 5 పైసల స్టాంపు అంటించి ఉంది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద ప్రభుత్వం 5 పైసలు అదనంగా వేసింది కదా, అది ఈ స్టాంపే. మొదట కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని అచ్చుకొట్టి అమ్మారు. డిసెంబర్ 1న శరణార్థుల బొమ్మతో వేరే స్టాంపు వచ్చింది. ఒకదాని మీద మొదటి రకం, రెండింటి మీద రెండో రకం. కోటి మంది ఇళ్లు వదిలి వచ్చిన సంగతి పుస్తకంలో చదివాను గానీ, ఆ లెక్కలో మా నాన్న ఐదేసి పైసలు ఉన్నాయని తెలిసినప్పుడు ఆ స్టాంపుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మిగిలిన నాలుగింటికి తుప్పు సాయపడింది. అడుగున రేకు బిళ్ల తుప్పు పట్టడంతో కింది ఉత్తరాల రంధ్రం చుట్టూ పెద్ద ఎర్రమరక ఉంది. పైకి వచ్చేకొద్దీ మరక చిన్నదవుతుంది. తేదీ తెలిసినవాటిని వరుసగా పేర్చి, తేదీ లేనిదాన్ని వాటి మధ్య మరకకి మరక సరిపోయేచోట పెట్టాను. మార్చి 8కి వరుస కుదిరింది.

ఫోటోలు ఫోన్‌తోనే తీశాను. పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది వరకు, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర. పెన్సిల్ రాత చెరిగిపోయినచోట కాగితాన్ని కిటికీకి అడ్డంగా తిప్పి, వెలుతురు పక్కనుంచి పడేలా పెడితే అక్షరం నొక్కిన గాడి కనపడుతుంది.

మార్చి 9 ఆదివారం నుంచి నాన్న దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఆయనకి అప్పటికి 73. కళ్లు సరిగా ఆనవు, అందుకని నేను పైకి చదివేదాన్ని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టేదాన్ని.

ప్రతి ఉత్తరం ఒకేలా మొదలవుతుంది. "పూజ్యులైన అమ్మకి, నాన్నకి మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను షేమం. అక్కడ మీరందరూ షేమమని తలుస్తాను." క్షేమం అని కాదు, షేమం అనే. టైపు చేస్తుంటే ఫోను ప్రతిసారీ దాన్ని దిద్దేస్తుంది, నేను ప్రతిసారీ వెనక్కి మార్చాలి. పదకొండో ఉత్తరం నుంచి 'క్షేమం' సరిగ్గా ఉంది. ఎందుకా అని అత్తని అడిగితే తెలిసింది, అప్పటికి ఐదో తరగతి చదువుతున్న అత్తే ఇంటి నుంచి జవాబులు రాసేదట. "అన్నయ్యా, క్షేమం అని రాయాలి" అని చివర్లో ఒక లైను రాసిందట.

మొదటి ఉత్తరం నాలుగు పేజీలు. వాల్తేరులో రైలెక్కడం, మద్రాసులో మారడం, మేట్టుపాళయంలో బొమ్మరైలు. "అమ్మా, ఇక్కడ ఇంజను ముందు లేదు, వెనకనుంచి తోస్తుంది. జూన్‌లో చలి." తర్వాత గుండు గీయించడం, బూట్లు, బూట్లకి పాలిష్. "ఉస్తాద్ మొహం అందులో కనపడాలట." ఆర్డర్లన్నీ హిందీలో, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ మలయాళీ, పక్క మంచం తమిళ అబ్బాయి. "సావధాన్ అంటే బిగుసుకోవాలి, విశ్రామ్ అంటే వదలాలి. తక్కినవి పక్కవాణ్ణి చూసి చేస్తున్నాను." నెలకి 30 రూపాయల మనియార్డరు, చెల్లి పలక గురించి, గేదె ఈనిందా అని. అన్నం కడుపునిండా పెడుతున్నారు, ఒంటికి బాగుంది. ప్రతి ఉత్తరంలోనూ ఒంటికి బాగుంది.

ఏడో ఉత్తరం ఆగస్టుది. "నిన్న ఆదివారం ఔట్‌పాస్ ఇచ్చారు. స్టేషన్ దాకా షికారు వెళ్లి బొమ్మరైలు చూశాను. చాలా బాగుంది." నేను చదివి నవ్వాను. నాన్న నవ్వలేదు. కాసేపాగి, "చూడ్డానికి కాదు, ఎక్కేద్దామని వెళ్లాను" అన్నారు. కాళ్ల బొబ్బలు పగిలి మేజోళ్లు అతుక్కుపోయేవట. రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడవడం ఆయన ఒక్కడే కాదట, బ్యారక్‌లో సగం మంది. ఆ రోజు మేట్టుపాళయం వెళ్లే రైలు వచ్చింది, ఆగింది, వెళ్లింది. ఈయన బెంచీ మీద కూర్చునే ఉన్నారు. జేబులో ఇంటికి పంపాల్సిన 30 రూపాయలు ఉన్నాయట. అవి టిక్కెట్టుకి ఖర్చుపెడితే ఆ నెల ఇంట్లో ఎలా అని లేచి వెనక్కి నడిచారట.

ఇదంతా ఎందుకు రాయలేదని అడిగాను. "మీ నానమ్మకి చదువు రాదు. ఉత్తరం పోస్ట్‌మేన్ తెస్తాడు, అరుగు మీద చెల్లి పైకి చదువుతుంది, చుట్టూ నలుగురు ఉంటారు. అందరి ముందూ అమ్మ ఏడవకూడదు కదా" అన్నారు.

అప్పటికి ఏడు ఉత్తరాలే అయ్యాయి. నేను టైపు చేసిన కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి, కానీ అందులో ఉన్నది నాన్న రాసింది మాత్రమే. అప్పటినుంచి ప్రతి పేజీకి కుడివైపు సగం ఖాళీ వదిలి ప్రింటు తీయించాను, ఆయన చెప్పింది అక్కడ రాయడానికి.

మార్చి 23న పదహారో ఉత్తరం దాకా వచ్చాం. పదిహేడోది తీయగానే "ఇవాళ్టికి చాలమ్మా" అన్నారు. తర్వాతి ఆదివారం ఒంట్లో బాలేదన్నారు. ఆ తర్వాత ఏదో పెళ్లి. ఇలా ఆరు వారాలు గడిచాయి. ముసలాయన్ని కష్టపెడుతున్నానేమో అని నాకు బెంగ. అమ్మైతే "ఆ పెట్టె మూసేయ్" అనేసింది. నేను బలవంతం చేయలేదు. పదిహేడోది ఒక్కదాన్నే చదువుకున్నాను. నవంబర్ 2 తేదీ. "మాకంటే ముందు బ్యాచివాళ్ల కసమ్ పరేడ్ అయిపోయింది. శ్రీకాకుళం అన్న కూడా వెళ్లిపోతున్నాడు. ఎక్కడికో రాయకూడదు. రాత్రుళ్లు చలికి నేను వణకడం చూసి తన స్వెట్టర్ నాకిచ్చాడు. సెలవుకి వచ్చినప్పుడు తిరిగి ఇవ్వాలి." ఇందులో బాధపడాల్సిందేమీ నాకు కనపడలేదు.

ముందుకి కూడా చదివాను. ఇరవై నాలుగో ఉత్తరం, 1972 జనవరి 9. మనియార్డరు అందిందా, పండక్కి రాలేను, చెల్లికి గాజులు కొనండి. వీటి మధ్య ఒక లైను. "స్వెట్టర్ ఇంక తిరిగి ఇవ్వనక్కర్లేదు. నాకే ఉండిపోయింది." పోన్లే, ఆ అన్న ఉంచుకోమన్నాడు కాబోలు అనుకుని టైపు చేసేశాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మే 7న విశాఖలో మాక్ డ్రిల్ పెట్టారు, సైరన్లు మోగించారు. ఆ వారమంతా టీవీలో పాకిస్తాన్‌తో యుద్ధం మాటే. మే 11 ఆదివారం పొద్దున్నే నాన్న తనే వచ్చి నా ఎదురుగా కూర్చుని "స్వెట్టర్ ఉత్తరం తియ్యి" అన్నారు.

శ్రీకాకుళం అన్న వయసులో రెండేళ్లు పెద్ద. లంగర్ (మిలిట్రీ వంటశాల) దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి నాన్న తెలుగులో ఏదో గొణుక్కుంటే వెనకనుంచి "ఏ ఊరు తమ్ముడూ?" అని పలకరించాడట. బొబ్బలు పడకుండా మేజోడు ఎలా లాగి వేసుకోవాలో, బూటు లోపల సబ్బు ఎక్కడ రాయాలో ఆయనే నేర్పాడట. స్వెట్టర్ వాళ్లమ్మ కొనిచ్చింది, బూడిద రంగుది, మోచెయ్యి దగ్గర రఫ్ఫు చేసి ఉండేది. డిసెంబర్‌లో తూర్పు వైపు యుద్ధంలో చనిపోయాడు. ఈ కబురు ట్రైనింగ్ సెంటర్‌కి జనవరి మొదటి వారంలో తెలిసింది. పొద్దున్న పీటీకి వరుసలో నిలబడ్డప్పుడు ఒక హవల్దార్ చెప్పాడట. ఆ వెంటనే పరుగు ఆర్డరిచ్చారట. "పరిగెడుతూనే ఉన్నాను. పరిగెత్తేటప్పుడు కళ్లలో నీళ్లొస్తే చలికి అనుకుంటారు" అన్నారు నాన్న.

కసమ్ పరేడ్ తర్వాత సెలవు ఇచ్చారు. ఏప్రిల్‌లో ఇంటికి రాకముందే శ్రీకాకుళం వైపు వెళ్లి, ఆ ఊరు వెతుక్కుని, స్వెట్టర్ వాళ్లమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరి, మళ్లీ నాన్న చేతికే ఇచ్చి, "నువ్వు వేసుకో బాబూ, కొండమీద చలి" అందట. ఇది మా అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ పూట రికార్డింగ్ 52 నిమిషాలు ఉంది, అందులో మాటలు పదిహేను నిమిషాలకి మించవు.

ఆ తర్వాత ఆగలేదు. ఆగస్టు చివరికి 41 పూర్తయ్యాయి. కొన్ని వట్టి మనియార్డరు లెక్కలే. యుద్ధం జరిగిన 13 రోజుల్లో మూడు ఉత్తరాలు ఉన్నాయి. మూడింట్లోనూ తన సంగతి తక్కువ, ఇంటి సంగతి ఎక్కువ. రాత్రి దీపాలు ఆర్పుతున్నారా, నాన్న (అంటే మా తాత) సముద్రం మీద వేటకి వెళ్లొద్దు, పిల్లని ఒడ్డుకి పంపొద్దు. కొండమీద ఈయన క్షేమంగా ఉన్నారు, భయమంతా సముద్రం ఒడ్డునున్న వాళ్ల గురించి. వాటిలో డిసెంబర్ 12 తేదీ ఉన్న ఇరవై రెండో ఉత్తరంలో ఒక లైను నాకు ఎంతకీ కొరుకుడు పడలేదు. "వాన పడకపోవడమే మంచిదయిందమ్మా. ఉరుముకి చెల్లి భయపడిందా?" నాన్నని అడిగితే గుర్తులేదన్నారు. కుడివైపు ఖాళీగా వదిలేశాను.

అక్టోబర్‌లో తేదీలు సరిచూద్దామని నాన్న మిలిట్రీ నుంచి వచ్చేసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్ తీశాను. అట్ట వెనక అరలో నాలుగు మడతలు పెట్టిన ఇన్‌లాండ్ లెటర్ ఉంది. ఇంటి నుంచి వెళ్లిన ఉత్తరాల్లో నాన్న దాచుకున్నది అదొక్కటే. అత్త గుండ్రటి పిల్లరాత, 1971 డిసెంబర్ 5. "అన్నయ్యకి చెల్లి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మొన్న అర్ధరాత్రి పెద్ద ఉరుము ఉరిమింది. ఇల్లు అదిరింది. వాన మాత్రం పడలేదు."

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిపోయింది. ఆ చప్పుడది.

దీపావళికి అత్త వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ ఉత్తరం చదివాను. నాన్న అత్త వైపు తిరిగి, "ఏమే, అది ఉరుము కాదని నీకు తెలుసా అప్పుడు?" అని అడిగారు.

"మర్నాడు ఊరంతా అదే మాట కదా అన్నయ్యా. అమ్మ ఉరుమని రాయమంది. ట్రైనింగ్‌లో పిల్లాడు బెంగపెట్టుకుంటాడు అంది" అంది అత్త. "మరి నీకు తెలీలేదా?"

"రేడియోలో ముందే విన్నాను" అన్నారు నాన్న.

ఖర్చు మొత్తం 4,150 రూపాయలు అయింది. అందులో 2,040 చివర్లో ఆరు కాపీలు ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించడానికి. నవంబర్ 16న కాపీలు వచ్చాయి. అత్త రాసిన ఆ ఉత్తరాన్ని ఆసిడ్ లేని కాగితంలో పెట్టి, మూలన పెన్సిల్‌తో '21 తర్వాత' అని రాసి, పెట్టెలో ఇరవై రెండోదానికి ముందు ఉంచాను.